ఒంటరి సాక్సోఫోన్ ప్రయోగ సంగీతం: విశాఖ శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కొద్దిమందిమి అప్పుడప్పుడు ఒకచోట చేరి, పక్కవాద్యాలేవీ లేకుండా ఒక్క సాక్సోఫోన్ మీదనే సాగే ప్రయోగ సంగీతాన్ని వింటూ ఉంటాము. విన్న తరువాత సాగే మాటల్లో కొన్ని ప్రశ్నలు పదే పదే వస్తున్నందున, వాటికి మాకు తోచిన సమాధానాలను ఇక్కడ రాసి ఉంచుతున్నాము. ఎవరిచేతనైనా ఈ సంగీతాన్ని ఇష్టపడేలా చేయడం మా ఉద్దేశం కాదు. విన్నవారు తమకు కలిగిన అభిప్రాయాన్ని ఇంకొంచెం స్పష్టంగా చెప్పుకోవడానికి ఈ పేజీ పనికివస్తే చాలు.

అసలు దేన్ని ఈ పేరుతో పిలుస్తున్నారు?

వేదిక మీద ఒకే కళాకారుడు, ఒకే వాద్యం. శ్రుతికి తంబురా ఉండదు, లయకు మృదంగం గానీ డ్రమ్స్ గానీ ఉండవు, వెనుక పియానో కూడా ఉండదు. అయితే ఒంటరిగా వాయించిన ప్రతిదీ ప్రయోగం కాదు. పెళ్ళి విందులో ఒకరు నిలబడి సినిమా పాటలు వాయిస్తే అది ఈ కోవలోకి రాదు. మామూలుగా సాక్సోఫోన్ నేర్పేవారు వినపడకూడదని జాగ్రత్తపడే శబ్దాలు కొన్ని ఉన్నాయి. రీడు (నోటి దగ్గర కంపించే పలుచని బద్ద) కీచుమనడం, మీటలు టకటకలాడడం, స్వరం పుట్టకముందే బయటికి పోయే ఊపిరి చప్పుడు, గొంతుతో గుర్రుమనడం, ఒకేసారి రెండు మూడు స్వరాలు పలకడం వంటివన్నీ ఆ జాబితాలోనివే. ఈ సంగీతకారులు వాటినే ముడిసరుకుగా తీసుకుని కచేరీ అంతా నిర్మిస్తారు.

ఇది కొత్తగా పుట్టిన ధోరణేనా?

కాదు. అడాల్ఫ్ సాక్స్ ఈ వాద్యానికి పారిస్‌లో పేటెంటు పొందింది 1846లో. జాజ్ సంగీతంలో టెనార్ (సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అన్నవి తారం నుంచి మంద్రం వైపు సాగే సాక్సోఫోన్ రకాలు) సాక్సోఫోన్‌కు పెద్ద దిక్కుగా నిలిచిన కోల్మన్ హాకిన్స్, ఏ తోడూ లేకుండా వాయించిన ‘పికాసో’ అనే రికార్డు 1940ల చివర్లో వచ్చింది. తరువాత సోనీ రోలిన్స్, ఎరిక్ డాల్ఫీ కూడా ఒంటరి వాద్య వాదనలు రికార్డు చేశారు గానీ, అవి పెద్ద ఆల్బముల మధ్యలో ఒక్కొక్క అంశంగానే ఉండేవి. షికాగోలో 1965లో ఏర్పడిన ఏ.ఏ.సి.ఎం. అనే సంగీతకారుల సంఘానికి చెందిన ఆంథొనీ బ్రాక్స్‌టన్ 1969లో ఆల్టో సాక్సోఫోన్ ఒక్కదానితోనే రెండు ఎల్‌పీల నిడివి గల ‘ఫర్ ఆల్టో’ను రికార్డు చేయగా, అది 1971లో విడుదలైంది. ఒంటరి వాదన ఒక పూర్తి కచేరీకి సరిపోతుందన్న వాదానికి అసలైన బలం అక్కడినుంచే వచ్చిందని మా అభిప్రాయం. 1972లో ఫ్రాన్సులోని అవిన్యాన్‌లో స్టీవ్ లేసీ, 1975లో లండన్‌లో ఇవాన్ పార్కర్ ఒంటరి కచేరీలు చేశారు. ఇద్దరిదీ సొప్రానో సాక్సోఫోనే అయినా ఒకరి ధోరణికి మరొకరి ధోరణికి పొంతన ఉండదు. జర్మనీకి చెందిన పీటర్ బ్రోట్స్‌మన్, అమెరికన్ జో మెక్‌ఫీ, జపాన్‌లో చిన్న వయసులోనే 1978లో మరణించిన కావోరు అబే కూడా ఆ దశాబ్దంవారే. అంటే ఈ సంగీతం మన పాఠకుల్లో చాలామంది కంటే వయసులో పెద్దది.

ఇది సంగీతమా, చప్పుడా?

ఈ ప్రశ్నను సాధారణంగా కోపంతో అడుగుతారు. అడిగినవారు సంగీత జ్ఞానం లేనివారని అనుకోవడం మాత్రం పొరపాటు. ‘ఫర్ ఆల్టో’ వెలువడినప్పుడు, ఆల్టో వాదనలో ఆరితేరిన ఫిల్ వుడ్స్, పేరు చెప్పకుండా రికార్డు వినిపించి అభిప్రాయం అడిగే డౌన్‌బీట్ పత్రిక శీర్షికలో, ఈ వాద్యాన్ని సరిగా వాయించడమే రానివాడు ఒంటరిగా ఇంతసేపు ఎలా నిలబెట్టగలనని అనుకున్నాడన్న ధోరణిలో తీవ్రంగా విమర్శించారు. అదే ఆల్బమును ఈ రోజు జాజ్ చరిత్రలో మలుపుగా లెక్కిస్తున్నారు. కాబట్టి వుడ్స్‌కు వినడం రాదందామా? అలా అనలేము. ఆయన జీవితమంతా ఏ గుణాల కోసం సాధన చేశారో, అంటే నిండైన నాదం, సాఫీగా సాగే పలుకుబడి, స్వరాల మధ్య పొందిక, ఆ గుణాలు అక్కడ ఆయనకు కనిపించలేదు. తాను వెతికినది దొరకలేదని ఆయన నిజాయితీగానే చెప్పారు. అక్కడున్నది వేరొకటన్న విషయాన్ని మాత్రం ఆయన పట్టించుకోలేదు.

శబ్దం ఇంపుగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి సంగీతాన్నీ చప్పుడునూ విడదీయడం కుదరదని మేము భావిస్తాము. ఆ శబ్దం వాయించేవారి చెప్పుచేతల్లో ఉందా అన్నదే మా దృష్టిలో అసలు పరీక్ష. ఒక కీచు శబ్దం వినిపించినప్పుడు చిరాకు పడండి, తప్పులేదు, కానీ దాన్ని గుర్తుపెట్టుకోండి. కొన్ని నిమిషాల తరువాత అదే కీచు అదే స్థాయిలో, అదే బరువుతో మళ్ళీ వచ్చి, ఈసారి ఒక మంద్ర స్వరానికి జవాబుగా నిలబడితే, మొదటిసారి వచ్చినది పొరపాటు కాదని మీ చెవే చెబుతుంది. అలా ఏదీ తిరిగి రాకుండా, ఏదీ దేనికీ జవాబు చెప్పకుండా గంటసేపు ఒకే స్థాయిలో అరుపు సాగితే, అది చప్పుడేనని తీర్పు చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు. ఈ రంగంలో సరుకు లేని ఆర్భాటం తక్కువేమీ కాదు.

రాగం లేదు, తాళం లేదు. శ్రోత దేన్ని పట్టుకుని వినాలి?

ఆలాపనలో కూడా తాళం ఉండదు కదా అని కొందరు జవాబు చెబుతుంటారు. ఆ పోలిక సగమే నిలుస్తుంది. తోడి రాగ ఆలాపన వింటున్నప్పుడు తరువాత ఏయే స్వరాలు రావచ్చో, ఏవి రాకూడదో శ్రోతకు ముందే తెలుసు. ఆ తెలివిడే వినడానికి ఆధారం. ఇక్కడ అలాంటి ఉమ్మడి ఆస్తి ఏదీ లేదు. వాయించేవారు తొలి రెండు మూడు నిమిషాల్లో తమ చట్రాన్ని తామే కట్టి చూపించాలి. అందుకే ఆలస్యంగా వచ్చి మధ్యలో కూర్చున్నవారికి ఈ సంగీతం దాదాపు ఎప్పుడూ నచ్చదు.

పట్టుకోదగినవి ముఖ్యంగా మూడు ఉన్నాయి. మొదటిది ఊపిరి. ఒక ఊపిరికి ఎంత సంగీతం వస్తోంది, ఊపిరి తీసుకునే చోట వాక్యం ముగుస్తోందా తెగిపోతోందా అన్నది గమనిస్తే నిర్మాణం చాలావరకు బయటపడుతుంది. రెండవది మంద్ర, మధ్య, తార స్థాయుల మధ్య జరిగే రాకపోకలు. మూడవది పునరావృత్తి. స్టీవ్ లేసీ ఒక చిన్న పలుకును పట్టుకుని, చివరి స్వరాన్ని మాత్రం మారుస్తూ, దాన్ని పలుమార్లు తిప్పి చూపిస్తారు. ఇవాన్ పార్కర్ దారి ఇందుకు పూర్తిగా వేరు. ఆయన ఎడతెగని స్వరాల అల్లికలో ఏ తీగను పట్టుకోవాలో చెవే ఎంచుకోవలసి వస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు పైన మెరిసే వరుసను, మరొకరు కింద గుండ్రంగా తిరిగే వరుసను వినవచ్చు. బయటికి వచ్చాక వారిద్దరూ వాదించుకుంటే, అది అభిరుచుల తేడా మాత్రమే కాదు. వారు నిజంగానే రెండు వేర్వేరు పాటలు విన్నారు.

ఒక్క వాద్యం నుంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు ఎలా వస్తాయి?

తంబురా మంద్ర షడ్జమం తీగను మీటినప్పుడు, ఎవరూ మీటని గాంధారం సన్నగా వినిపించడం మన సంగీతం నేర్చుకున్నవారందరికీ తెలిసినదే. దాన్ని స్వయంభూ స్వరమంటారు. సాక్సోఫోన్ గొట్టంలో పుట్టే ప్రతి నాదంలోనూ అలాంటి పై స్వరాలు దాగి ఉంటాయి. మామూలు వాదనలో అవన్నీ కలిసిపోయి ఒకే స్వరంగా వినిపిస్తాయి. వేళ్ళను అలవాటుకు విరుద్ధమైన క్రమంలో పెట్టి, మధ్యలో ఒక రంధ్రాన్ని తెరిచి ఉంచి, పెదవుల ఒత్తిడినీ గొంతు లోపలి ఆకారాన్నీ మార్చితే, గాలి ఒకేసారి రెండు మూడు విధాలుగా కంపించి, ఆ స్వరాలు విడివిడిగా బయటపడతాయి. దీన్నే మల్టీఫోనిక్స్ అంటారు. 1967లో ఇటలీకి చెందిన బ్రూనో బార్తొలొత్సీ గాలివాద్యాల కోసం రాసిన పుస్తకంతో ఈ పద్ధతులు శాస్త్రీయ సంగీతకారులలోనూ ప్రచారమయ్యాయి. ఇలా పుట్టిన స్వరాల మధ్య దూరాలు మన శ్రుతులకు గానీ పియానో మెట్లకు గానీ సరిపోవు. కనుక ‘శ్రుతి తప్పింది’ అని మీకు అనిపిస్తే మీ చెవి సరిగ్గానే పనిచేస్తోందని అర్థం.

ఊపిరి తీసుకోకుండా అంతసేపు ఎలా వాయిస్తారు?

ఊపిరి తీసుకుంటూనే ఉంటారు. బుగ్గల్లో గాలి నింపుకుని, దాన్ని బుగ్గల బలంతో వాద్యంలోకి నెడుతున్న ఆ క్షణంలోనే ముక్కుతో గాలి పీలుస్తారు. పాములవాళ్ళ నాగస్వరం, సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవారి ఒత్తు ఇదే పద్ధతి మీద ఆధారపడి ఉన్నాయి. సింహాచలం మెట్ల దగ్గరో, పెళ్ళి పందిట్లోనో ఆ శ్రుతిని ఎన్నోసార్లు విన్నవారు కూడా విదేశీ కళాకారుడు అదే చేసినప్పుడు ఆశ్చర్యపోవడం మాకు కొంచెం తమాషాగా ఉంటుంది.

రికార్డింగుల్లో కంప్యూటర్ మాయ ఏమీ లేదా?

కొందరు కళాకారులు ఎలక్ట్రానిక్ పరికరాలను బాహాటంగానే వాడతారు. అయితే ఈ అనుమానం ఎక్కువగా వచ్చేది సాక్సోఫోన్ కళాకారుడు కోలిన్ స్టెట్సన్ విషయంలో. బేస్ సాక్సోఫోన్ మీద ఆయన 2011లో విడుదల చేసిన ‘న్యూ హిస్టరీ వార్‌ఫేర్’ రెండవ భాగంలో డోలు దెబ్బలు, కింద మోగే శ్రుతి, పైన ఎవరో పాడుతున్నట్లు వినిపించే గొంతు అన్నీ ఒకేసారి ఉంటాయి. ఆ దెబ్బలు మీటల చప్పుళ్ళు. ఆ గొంతు, వాద్యంలోకి ఊదుతూనే ఆయన తీసే కూనిరాగం. గదిలోనూ వాద్యం చుట్టూ 20కి పైగా మైకులు అమర్చి, గొంతుకు కూడా ఒక మైకు తగిలించి, ఆయన సాక్సోఫోన్ వాదననంతా ఒకే ఊపులో రికార్డు చేశారు. అతిథి గాయకుల గొంతులు వినిపించే చోట్లను మాత్రం వేరుగా లెక్కించాలి. మైకులు ఏ శబ్దాన్ని ఎంత దగ్గరగా చూపించాలో నిర్ణయించడం కూడా ఒక కళే కాబట్టి, ‘మాయ లేదు’ అన్న మాటను మరీ అమాయకంగా తీసుకోకూడదు. ఆ రికార్డు విని ముగ్ధులైనవారికి ఆయన కచేరీ మరొకలా వినిపించవచ్చు.

కద్రి గోపాల్‌నాథ్ గారి సాక్సోఫోన్ కూడా ఇందులోకి వస్తుందా?

రాదు. ఆయన నాదస్వర విద్వాంసుల కుటుంబంలో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని ఆకర్షితులై, కర్ణాటక గమకాలు పలికేలా ఆ వాద్యాన్ని మలుచుకున్నారు. 1994లో లండన్‌లోని బి.బి.సి. ప్రామ్స్ ఉత్సవంలో వాయించారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో కన్నుమూశారు. ఆయన వాద్యాన్ని ఒక సంప్రదాయానికి విధేయంగా తీర్చిదిద్దారు. మనం మాట్లాడుకుంటున్నవారు వాద్యాన్ని అన్ని సంప్రదాయాలనుంచీ విడిపించాలని చూశారు. అయినా గోపాల్‌నాథ్ గారిని విన్న చెవి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారేటప్పుడు మధ్యలో ఏం జరుగుతుందో ఆ చెవికి ముందే తెలుసు. ఆర్కే బీచ్‌లో నౌకాదళం బ్యాండును, వీధుల్లో పెళ్ళి బ్యాండు మేళాన్ని మాత్రమే విన్నవారికి ఆ జారుడు మొదట వింతగా ఉంటుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో జముకుల కథ విన్నవారు మాత్రం, తీగ బిగువు మారినప్పుడల్లా ఊగిసలాడే జముకు నాదానికి అలవాటుపడి ఉంటారు గనుక, మా మధ్య అందరికంటే తక్కువ బెదిరినది వారే.

నచ్చలేదని చెప్పవచ్చా?

తప్పకుండా చెప్పవచ్చు. ఇంకా చెప్పాలంటే, నచ్చలేదన్నవారి మాటలే చాలాసార్లు మాకు ఎక్కువ పనికివచ్చాయి. మెచ్చుకునేవారు ‘అద్భుతం’, ‘ధ్యానంలోకి వెళ్ళిపోయాను’ అని ఊరుకుంటారు. విసుగు పుట్టినవారు మాత్రం ఎక్కడ పుట్టిందో కచ్చితంగా చెబుతారు. ‘ఆ ఒకే ముక్కను అన్నిసార్లు ఎందుకు వాయించాడు’ అని అడిగినవారు, ఆ ముక్కను గుర్తుపట్టి లెక్కపెట్టేంత శ్రద్ధగా విన్నారన్నమాట.

శ్రోతల అసమ్మతి సంగీతాన్నే మార్చిన సందర్భం ఒకటి రికార్డులో నిలిచి ఉంది. 1976లో స్విట్జర్లాండ్‌లోని విల్లిసావు ఉత్సవానికి బ్రాక్స్‌టన్ రాలేకపోగా, ఆయన స్థానంలో అదే ఏ.ఏ.సి.ఎం. సంఘానికి చెందిన రాస్కో మిచెల్ ఆల్టోతో ఒంటరిగా వేదిక ఎక్కారు. సభ బ్రాక్స్‌టన్ కోసం వచ్చింది. మిచెల్ ‘నోనా’ అనే తన రచనలోని తొలి పలుకును, ముళ్ళలాంటి ఆ కొద్ది స్వరాలను, మార్పు లేకుండా మళ్ళీ మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు. సభలో అలజడి రేగింది, కేకలు లేచాయి. ఆయన ఆపలేదు, మెత్తబడలేదు. నిమిషాల తరబడి అదే పలుకు సాగింది. సభ ఒక కొలిక్కి వచ్చిన తరువాతనే ఆయన ముందుకు కదిలారు. 20 నిమిషాలకు పైగా సాగిన ఆ వాదనకు చివర పెద్ద ఎత్తున చప్పట్లు మోగాయి. 1977లో వచ్చిన ఆల్బములో ఆ కేకలూ చప్పట్లూ యథాతథంగా ఉన్నాయి. దీన్ని కళాకారుడి విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. మాకు మాత్రం అందులో సభది కూడా సగం పాత్ర అనిపిస్తుంది. వారు మర్యాదగా మౌనం వహించి ఉంటే ఆ పునరావృత్తికి అంత పదును వచ్చేది కాదు.

మన ఊరి సభల్లో ఇబ్బంది దీనికి తారుమారుగా ఉంటుంది. ఎవరూ కేకలు వేయరు. మధ్యలో ఫోను చూసుకుంటారు, చివర చప్పట్లు కొడతారు, బయట టీ తాగుతూ అసలు మాట చెబుతారు. ఆ టీ దగ్గరి మాటను లోపల చెప్పమనే మా కోరిక.

ఇదంతా అప్పటికప్పుడు పుట్టేదేనా, ముందే రాసుకున్నదా?

రెండూ ఉన్నాయి. ఇటలీ స్వరకర్త లూచానో బెరియో 1981లో ఆల్టో సాక్సోఫోన్‌కు ఇచ్చిన ‘సెక్వెంజా 9బి’లో ప్రతి స్వరమూ కాగితం మీద ఉంటుంది. బ్రాక్స్‌టన్ దీర్ఘ స్వరాలు, కంపితాలు, తునకలుగా విరిగే శబ్దాలు అంటూ ధ్వని రకాలను విభజించుకుని, ఒక్కొక్క అంశంలో ఒకటి రెండింటినే తీసుకుని మనోధర్మంతో పెంచుతారు. పూర్తి స్వేచ్ఛగా వాయించేవారికి కూడా ఏళ్ళ తరబడి సాధన చేసిన పలుకులు చేతిలో ఉంటాయి. ‘నోటికి వచ్చింది ఊదేశాడు’ అన్న విమర్శ అందువల్ల అరుదుగానే నిజమవుతుంది.

విశాఖలో దీన్ని ఎక్కడ, ఎలా వింటే బాగుంటుంది?

ఇటువంటి కచేరీలు మన ఊళ్ళో చాలా అరుదు కాబట్టి ఎక్కువగా రికార్డులే శరణ్యం. వీటిలో ఒంటరి వాద్యానికి గదే పక్కవాద్యం. సాక్సోఫోన్ కళాకారుడు జాన్ బుచర్ 2006లో స్కాట్లండ్‌లో పర్యటించి, స్మూ గుహలోనూ, ఓర్క్‌నీ దీవుల్లోని పాత చమురు ట్యాంకులోనూ వాయించి, ఆ ప్రతిధ్వనులకు తగినట్లు తన వాదనను మార్చుకున్నారు. బొర్రా గుహల్లో ఒక్కసారి అరిచి చూసిన విశాఖవాసులకు ఇందులోని ఆకర్షణ వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో వినేటప్పుడు పెద్ద అడ్డంకి సీలింగ్ ఫ్యాను. దాని రెక్కల సవ్వడి, రీడు దాటి వచ్చే సన్నని ఊపిరి శబ్దాన్ని పూర్తిగా మింగేస్తుంది. మే నెలలో ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేము గనుక, ఈ సంగీతానికి డిసెంబరు, జనవరి రాత్రులే అనువైనవి. బీచ్ రోడ్డు ఫ్లాట్లలో అలల హోరు కూడా కలుస్తుంది. అది మాత్రం మాలో కొందరికి నచ్చింది. ఇయర్‌ఫోన్లు వాడేవారు శబ్దాన్ని తక్కువలో మొదలుపెట్టండి. నెమ్మదిగా సాగుతున్న అంశంలో హఠాత్తుగా వచ్చే తారస్థాయి స్వరాలు చెవికి నిజంగానే దెబ్బ.

దేనితో మొదలుపెట్టాలి?

స్టీవ్ లేసీతో. ఆయన వాదనలో ప్రతి స్వరమూ విడిగా, శుభ్రంగా నిలబడుతుంది. తరువాత ఇవాన్ పార్కర్, ఆ తరువాత ‘ఫర్ ఆల్టో’. బ్రోట్స్‌మన్‌ను, కావోరు అబేను మొదటి రోజే వినిపించి స్నేహితులను పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల స్నేహితులు మిగలరు. ఒక్కసారికి ఒక అంశం చాలు. గంటన్నర వరుసగా వినగలగడం గొప్పతనమేమీ కాదు.

అభిప్రాయం ఎలా రాస్తే ఇతరులకు ఉపయోగపడుతుంది?

ఏ అంశం విన్నారో, దేనిమీద విన్నారో చెప్పండి. ఫోను స్పీకరులో బేస్ సాక్సోఫోన్ విని తీర్పు ఇచ్చినవారున్నారు. వారు విన్నది మీటల టకటకలు మాత్రమే. తరువాత, మీ మనసు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో నిమిషాల లెక్కతో రాయండి. ‘నాలుగో నిమిషంలో ఆ మంద్ర స్వరం ఆగినప్పుడు గది ఖాళీ అయినట్లనిపించింది, అక్కడినుంచి చివరిదాకా దానికోసమే ఎదురుచూశాను, అది రాలేదు, అందుకే నాకు నచ్చలేదు’ అని ఒక సభ్యురాలు రాశారు. మేము చదివిన పొగడ్తలన్నిటికంటే ఆ ఫిర్యాదు ఆ సంగీతాన్ని బాగా పరిచయం చేసింది. దాన్ని చదివిన మిగతావారు ఆ మంద్ర స్వరం కోసమే మళ్ళీ విన్నారు. మానవుడి ఆవేదన, విశ్వం మౌనం వంటి మాటలను వీలైనంతవరకు తగ్గించండి. అవి ఏ రికార్డుకైనా అతుకుతాయి.

నేను సాక్సోఫోన్ నేర్చుకుంటున్నాను. ఈ శబ్దాలను నేనూ ప్రయత్నించవచ్చా?

ప్రయత్నించవచ్చు గానీ, ఒకే స్వరాన్ని కదలకుండా దీర్ఘంగా నిలపడం వచ్చిన తరువాతే. ఆ పట్టు లేకుండా మల్టీఫోనిక్స్ సాధన చేస్తే, వచ్చిన శబ్దం మీరు తెచ్చినదో, దానంతట అది వచ్చినదో మీకే తెలియదు. సోనీ రోలిన్స్ పక్కింటివారికి ఇబ్బంది కలగకూడదని 1959 నుంచి 1961 వరకు న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీద సాధన చేసిన సంగతి విని, మన కుర్రవాళ్ళు సముద్రపు ఒడ్డుకు వెళ్దామనుకుంటారు. ఆ పని వద్దు. ఉప్పు గాలికి మీటల కింది ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి, తేమకు తోలు ప్యాడ్లు ఉబ్బుతాయి, ఇసుక రేణువులు మీటల సందుల్లో చేరితే మరమ్మతు ఖర్చు తప్పదు. గంట ఆకారపు కొసలో గుడ్డలు కుక్కడం వల్లా లాభం లేదు, ఎందుకంటే ఎక్కువ స్వరాలు పక్కనున్న రంధ్రాల నుంచే బయటికి వస్తాయి. ఫ్లాటులో ఉండేవారు బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా నిలబడి వాయిస్తే ధ్వని కొంత తగ్గుతుంది. కీచు శబ్దాల సాధనకు మధ్యాహ్నం నిద్రవేళను మాత్రం ఎంచుకోకండి. పై అంతస్తు వారితోనూ కింది అంతస్తు వారితోనూ ముందే మాట్లాడి, సాయంత్రం ఒక అరగంట ఒప్పించుకోండి.